బేస్‌మెంట్ ఖాళీ చేసిన వారం

మంగళవారం ఉదయం కరుణమ్మ రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, తెల్ల బూట్లు గుమ్మం దగ్గర విప్పి, స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టింది. పైగదిలో కూతురు నవోమి హెయిర్ డ్రయ్యర్ మోత వినిపిస్తోంది. ఏడున్నర ట్రైన్ అందకపోతే మన్‌హటన్‌లో ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఆ పిల్లకు రోజూ ఇదే హడావుడి. టీపొడి వేయబోతుండగా ఫోన్ మోగింది.

అవతల ఎవరో అమెరికన్, బొంగురు గొంతు. గురువారం ఉదయం ఎనిమిదింటికి ఇద్దరు మనుషులతో ట్రక్కు వస్తుందనీ, బేస్‌మెంట్ తాళం తీసి ఉంచాలనీ చెప్పాడు. రెండు గంటల్లో సామానంతా ఎత్తేసి, నేల ఊడ్చి మరీ అప్పగిస్తారట. ఎవరు రమ్మన్నారని కరుణమ్మ అడిగింది. మిస్ నవోమి, అన్నాడతను.

గురువారం కరుణమ్మకు ఆస్పత్రిలో డబుల్ డ్యూటీ. ఆ రోజు ఉదయం నుంచి రాత్రి వరకు ఆమె ఇంట్లో ఉండదు. ఆ సంగతి ఇంట్లో ఉన్న రెండో మనిషికి తెలుసు.

నవోమి మెట్లు దిగి వచ్చేసరికి టీ మరిగి నల్లబడింది.

"గురువారం మనింటికి ఎవరు వస్తున్నారు?"

నవోమి ముఖం మారిపోయింది. "ఓ. కాల్ చేశారా? ఈవెనింగ్ చెప్దామనుకున్నా అమ్మా."

"నేను ఇంట్లో లేని రోజు చూసి పిలిచావు."

"నువ్వు చూస్తే బాధపడతావని. వాళ్ళే అన్నీ క్యారీ చేస్తారు. మనం మెట్లు ఎక్కి దిగక్కర్లేదు. టూ అవర్స్‌లో అయిపోతుంది."

"మీ నాన్న పదహారేళ్ళు పోగుచేసింది రెండు గంటల్లో అయిపోతుందా?"

"నువ్వన్నట్టు డంప్‌స్టర్ తెప్పిస్తే ఆ పెద్ద చెత్తడబ్బా వన్ వీక్ రోడ్డు మీద ఉంటుందమ్మా. అందరూ చూస్తారు. పర్మిట్ కావాలి. నీ నడుంనొప్పితో నువ్వెలా మోస్తావ్? ఖర్చు రెండిటికీ ఆల్మోస్ట్ సేమ్. ప్లీజ్, వాళ్ళని రానివ్వు."

కరుణమ్మ అటు తిరిగి నల్లబడిన టీ కప్పుల్లో వడగట్టింది. నవోమి కాసేపు నిలబడి, గడియారం చూసుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి కరుణమ్మ ఆ బొంగురు గొంతు మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తర్వాత పసుపు పేజీల ఫోన్ డైరెక్టరీ తిరగేసి, డంప్‌స్టర్ అద్దెకిచ్చేవాళ్ళ నంబరు వెతికింది.

కరుణమ్మ భర్త ఏసుపాదం జనవరిలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. జెర్సీ సిటీలో ఆ ఇల్లు ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళకు మరీ పెద్దది. అమ్మకం కుదిరింది. ఏప్రిల్ ఆఖరుకు బేస్‌మెంట్ ఖాళీ చేసి ఇవ్వాలని కొన్నవాళ్ళ షరతు. ఆ బేస్‌మెంట్ తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నిటికీ తెలిసిన చోటు. గుంటూరు నుంచో, భీమవరం నుంచో ఎవరైనా కొత్తగా దిగుతున్నారంటే ఏసుపాదం మూడు సైజుల కోట్లు భుజాన వేసుకుని కెన్నెడీ ఎయిర్‌పోర్టుకు వెళ్ళేవాడు. ఎవరికి ఏది సరిపోతే అది. వాళ్ళు ఇల్లు చూసుకోగానే మంచం, కుక్కరు, దుప్పట్లు, పసిబిడ్డ ఉంటే ఉయ్యాల, అన్నీ కిందనుంచే వెళ్ళేవి. వాళ్ళు కాస్త నిలదొక్కుకున్నాక మళ్ళీ కిందికే వచ్చేవి.

వాటిలో ఒక్కొక్కటీ తన చేతి మీదుగా పోవాలని కరుణమ్మ అనుకుంది. ఎవరికైనా పనికొస్తే ఇవ్వాలి, పనికిరానిది తానే పారేయాలి. ఇద్దరు పరాయి మగవాళ్ళు వచ్చి ఎత్తుకుపోవడం ఆమెకు ఇష్టం లేదు.

శుక్రవారం డంప్‌స్టర్ వచ్చింది. ట్రక్కు మీదనుంచి ఆ ఇనుప తొట్టె జారి రోడ్డు మీద దిగిన చప్పుడుకు ఎదురింటి ముసలామె కర్టెన్ తొలగించి చూసింది. ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక సంఘపెద్ద దైవాశీర్వాదం గారు లేచి, ఏసుపాదం గారి సామాన్లలో ఎవరికి ఏది కావాలన్నా శనివారంలోగా వచ్చి తీసుకువెళ్ళవచ్చని ప్రకటించారు.

సాయంత్రం నుంచే జనం రావడం మొదలైంది. సంఘంలోని ఆనందబాబు పాత ఇనుప మంచం చూసి ఆగిపోయాడు.

"అక్కా, దీని మీద ఆరుగురు బ్రహ్మచారులం వంతులేసుకుని పడుకున్నాం. నా వంతు ఎప్పుడూ పగలే వచ్చేది."

"పట్టుకెళ్ళు మరి."

"అమ్మో, మా ఆవిడ నన్ను కూడా కలిపి ఆ డబ్బాలో పడేస్తుంది."

కరుణమ్మ మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. కానీ నవోమి వింతగా ప్రవర్తించింది. ఎవరు బెల్లు కొట్టినా తానే ముందు పరుగెత్తేది. వచ్చినవాళ్ళను కూర్చోనిచ్చేది కాదు. నేరుగా బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళి, కావలసింది చేతికిచ్చి, పక్క తలుపు గుండా పంపేసేది. బుధవారం, గురువారం ఆఫీసుకే వెళ్ళలేదు. తండ్రి మీద బెంగ కాబోలు అనుకుంది కరుణమ్మ.

శనివారం మధ్యాహ్నం నవోమి కింద అట్టపెట్టెలు కడుతుండగా బెల్లు మోగింది. ఈసారి కరుణమ్మే తలుపు తీసింది. గుమ్మంలో ముప్పై దాటిన ఒక అమ్మాయి, చేతిలో బ్రౌన్ కాగితంలో చుట్టిన పొట్లం.

"వందనాలండీ ఆంటీ. మీరు నన్నెప్పుడూ చూడలేదు. ప్రేమజ్యోతిని. టెక్సస్ నుంచి. ఆయనకి ఇక్కడ పక్కనే ఎడిసన్‌కి ట్రాన్స్‌ఫరైంది, వచ్చి పది రోజులైంది. అంకుల్ సంగతి ఆదివారమే తెలిసింది."

కరుణమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పేరు తెలుసు. ఏటా క్రిస్మస్‌కి టెక్సస్‌లోని ప్లేనో నుంచి కార్డు వచ్చేది, 'మీ మేలు మరువలేను' అని రాసి. ఎయిర్‌పోర్టులో ఆయనిచ్చిన కోటు గురించి కాబోలు అనుకునేది.

"పోస్టులో పంపడానికి మనసొప్పలేదు. ఎప్పటికైనా మీ చేతికే ఇవ్వాలని దాచాను. బెడ్ షీట్‌లో చుట్టి పెట్టాను ఆంటీ, ఒక్క మరక లేదు."

కాగితం విప్పింది. తెల్లటి పట్టుచీర. అంచు పొడవునా నర్సాపురం లేసు, చిన్న చిన్న ద్రాక్షగుత్తులు. ఆ లేసు కరుణమ్మ తల్లి అల్లింది. కూతురి పెళ్ళికని ఏడాది పాటు కిటికీ దగ్గర కూర్చుని అల్లింది. ఆ తర్వాత ఆమె చూపు మళ్ళీ సూదిపనికి ఆనలేదు.

"తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ దిగగానే నా సూట్‌కేస్ ఎక్కడో పోయింది. తెల్లారితే పెళ్ళి. మంచు తుఫాను, షాపులన్నీ మూత. మామూలు చీరతోనే నిలబడాలనుకుని ఏడుస్తూ కూర్చున్నాను. మీరేమో మూడు రోజులుగా ఆస్పత్రిలోనే ఉండిపోయారట. అంత పనిలోనూ నాకోసం మీ పెళ్ళిచీర పంపారని చెప్తే..." ప్రేమజ్యోతి కళ్ళు తుడుచుకుంది. "మా పెద్దమ్మాయికి మీ పేరే పెట్టుకున్నాం."

బేస్‌మెంట్ తలుపు దగ్గర అట్టపెట్టె కింద పడింది. నవోమి అక్కడ నిలబడి చీరను చూస్తోంది.

"నీకు పనికొచ్చింది కదమ్మా," అంది కరుణమ్మ. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "టీ తాగుతావా?"

ప్రేమజ్యోతి వెళ్ళేవరకు ఆమె మామూలుగానే ఉంది. పిల్లల గురించి అడిగింది, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. తర్వాత బేస్‌మెంట్‌లోకి దిగి, తన దగ్గరే ఉంచుకుందామని పక్కన పెట్టిన భర్త బట్టలన్నీ రెండు చేతులా ఎత్తుకుని వచ్చి డంప్‌స్టర్‌లో పడేసింది. మళ్ళీ వెళ్ళి ఆయన బూట్లు తెచ్చి పడేసింది. మూడోసారి పాటల నోటుపుస్తకం తెచ్చింది. పాటల పుస్తకాలు దొరకని మొదటి రోజుల్లో సంఘం కోసం ఆయన తన చేత్తో కీర్తనలన్నీ రాసిన పుస్తకం అది.

"అది వద్దమ్మా," అంది నవోమి వెనకాలే వచ్చి.

"ఎందుకు వద్దు? అబద్ధమాడిన మనిషి రాతే కదా ఇది." కరుణమ్మ కూతురి వైపు తిరిగింది. "ఆ ఏడు మంచు కరిగి బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. చీర కుళ్ళిపోయింది, పారేశాను అన్నాడు. చీర ఉన్న ట్రంకు పెట్టెను నేల మీద పెట్టింది నేనే కదా. మా అమ్మ కళ్ళు పోగొట్టుకుని అల్లిన దాన్ని నా చేతులారా పాడుచేశానని తొమ్మిదేళ్ళు ఏడ్చాను నవోమీ. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని నా వీపు నిమిరాడు ఆ మనిషి. నిమిరాడు! ఊరందరికీ కోట్లు పంచాడు, నాకు ఒక్క నిజం చెప్పలేకపోయాడు."

ఆమె పుస్తకం పైకెత్తింది.

"డాడీ కాదు," అంది నవోమి. "నేను ఇచ్చాను."

కరుణమ్మ చెయ్యి అలాగే ఆగింది.

"దైవాశీర్వాదం అంకుల్ వాళ్ళ ఆంటీ ఫోన్ చేశారు, పెళ్ళికూతురు మా ఇంట్లో ఉంది, వైట్ శారీ ఉందా అని. డాడీ పాస్టర్ గారిని తేవడానికి వెళ్ళారు. నీ వార్డుకి ఫోన్ చేస్తే బిజీ, బిజీ. నేనే కిందికెళ్ళి ట్రంక్ ఓపెన్ చేశాను. నడుచుకుంటూ తీసుకెళ్ళి ఇచ్చాను. అమ్మ పంపింది అని నేనే చెప్పాను. డాడీకి ఏమీ తెలీదు. చర్చిలో పెళ్ళికూతుర్ని చూసి నా వైపు చూశారు. కార్‌లో ఒకటే అడిగారు, అమ్మని అడిగావా అని. లేదన్నా. వాళ్ళు మర్నాడే టెక్సస్ వెళ్ళిపోయారు." నవోమి ఊపిరి పీల్చుకుంది. "మార్చిలో నీళ్ళొచ్చినప్పుడు నువ్వు ట్రంక్ దగ్గరికి వెళ్తున్నావ్. నేను మెట్ల మీద నిలబడి ఏడుస్తున్నా. డాడీ నన్ను చూశారు. అప్పుడు చెప్పారు నీకు, పాడైపోయింది, నేనే పారేశాను అని."

"నువ్వు చెప్పొచ్చు కదా."

"భయం."

"నేను నిన్ను ఎప్పుడైనా కొట్టానా? ఒక్క మాట తిట్టానా?"

"తిట్టవు. అదే అమ్మా. నువ్వు మాట్లాడటం మానేస్తావ్." నవోమి గొంతు పైకి లేచింది. "సిక్స్త్ గ్రేడ్‌లో నీ వాచ్ పోగొట్టాను. ఎలెవెన్ డేస్ నాతో మాట్లాడలేదు. కౌంట్ చేశాను నేను. ప్లేట్‌లో అన్నం పెడతావ్, నా ముఖం చూడవు. డాడీ మధ్యలో కూర్చుని జోక్స్ వేసేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. ఆయనతో కూడా ఎన్నిసార్లు అలా చేశావో నీకు తెలుసా? మా ఇద్దరికీ నువ్వంటే భయం."

పిల్లను పల్లెత్తు మాట అనకుండా పెంచానని కరుణమ్మ తన మనసులో ఎన్నోసార్లు గర్వపడింది. సంఘంలో ఇతర తల్లులు పిల్లల మీద అరుస్తుంటే తనకు ఆ అవసరం రాలేదనుకునేది. వాచీ పోయిన సంగతి ఆమెకు గుర్తుంది. ఆ పదకొండు రోజులు గుర్తు లేవు.

"అందుకే ఆ జంక్ వాళ్ళని పిలిచాను," అంది నవోమి. "జనం వస్తే ఎవరో ఒకరు చెప్తారని. చెప్తే నువ్వు మళ్ళీ... ఇప్పుడు మధ్యలో డాడీ లేరమ్మా. నువ్వు మాట్లాడటం మానేస్తే ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేరు."

ఎదురింటి కర్టెన్ కదిలింది. కరుణమ్మ పెదవులు బిగుసుకున్నాయి. లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, పొయ్యి దగ్గర నిలబడి, కూతురి పళ్ళెంలో అన్నం వడ్డించి, ఏమీ అనకుండా ఉండటం ఎంత సులువో ఆమెకు తెలుసు. అడుగు అటు పడింది కూడా. నవోమి ఆ అడుగు వైపే చూస్తోంది, పెద్దవాళ్ళ చెయ్యి లేస్తే పసిపిల్లలు చూసినట్టు.

కరుణమ్మ ఆగింది. నోటుపుస్తకాన్ని గుండెకు ఆనించుకుంది. మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"నాకు కోపంగా ఉంది," అంది.

నవోమి కళ్ళు పెద్దవయ్యాయి.

"చాలా కోపంగా ఉంది. నీ మీద. మీ నాన్న మీద. పోయిన మనిషి మీద ఎలా కోప్పడాలో నాకు చేతకావడం లేదు, వినడానికి ఆయన లేడు. నన్నడిగితే ఇచ్చేదాన్ని అని ఇందాక అనబోయాను. ఇచ్చేదాన్ని కాదు. అది నాకు తెలుసు, మీ ఇద్దరికీ తెలుసు. అయినా అడగాలి. ఇవ్వను అనే అవకాశమైనా నాకు ఉండాలి కదా?"

"అవునమ్మా."

"నేను చెయ్యని మంచికి ఆ పిల్ల తన బిడ్డకి నా పేరు పెట్టుకుంది. రేపు ఆరాధనలో ఆమె ముఖం ఎలా చూడను?"

"సారీ అమ్మా."

"సారీ ఏమిటి, సారీ! మోకాళ్ళ లోతు మంచు. బస్సుల్లేవు, మనుషుల్లేరు. పదమూడేళ్ళ పిల్లవి, ఒక్కదానివి, దైవాశీర్వాదం గారింటి దాకా నడిచి వెళ్ళావా? చేతులకి గ్లవ్స్ అన్నా వేసుకున్నావా?"

"లేదు. శారీ తడుస్తుందని కోట్ లోపల పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నా."

"బుద్ధుందా నీకు? దారిలో పడిపోతే? ఎవరికి తెలిసేది? నేను అక్కడ ఊరందరి పిల్లలకీ జ్వరాలు చూస్తూ కూర్చున్నాను!"

కరుణమ్మ గొంతు వీధంతా వినపడుతోంది. అంత గట్టిగా తాను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, మాటలు ఆపలేదు. గ్లవ్స్ గురించి తిట్టింది, అబద్ధం గురించి తిట్టింది, చెప్పకుండా ట్రక్కు పిలిచినందుకు తిట్టింది, రెండు రోజులు ఆఫీసు ఎగ్గొట్టినందుకు తిట్టింది. నవోమి వచ్చి ఆమె భుజం మీద తల ఆనించింది. ఏడుస్తూ, ప్రతి మాటకూ తలూపుతూ, ఒక్కటీ వదలకుండా వింది.