తెల్లబడని చొక్కా

ఆ ఇంట్లో ఉప్పు డబ్బా వంటింటి గూట్లోంచి మాయమై నలభై రోజులయింది. అది కోడలు యమున బీరువాలో, పట్టుచీరల వెనక భద్రంగా ఉంది. బంగారానికి కూడా ఆ ఇంట్లో ఎన్నడూ అంత కాపలా లేదు.

మావ అప్పలసూరికి బీపీ నూట ఎనభై దాటిందని శ్రీకాకుళంలో డాక్టరు పృథ్వీరాజ్ చెప్పిన రోజు నుంచీ ఇదే వరస. మాత్ర రాసిచ్చి, అచ్చు కాయితం ఒకటి చేతిలో పెట్టాడాయన. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప, ఆవకాయ మానాలి, రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలి. యమున ఫార్మసీ చదివిన పిల్ల. పెళ్ళయ్యాక ఇంకా చదువేమిటని చుట్టాలంతా మూతులు తిప్పుకుంటే, దగ్గరుండి కాలేజీ బస్సెక్కించింది ఈ మావే. ఆమె కన్నతండ్రి కొత్తవలసలో బీపీ మాత్రలు వేసుకోకుండా తిరిగి తిరిగి, యాభై ఏళ్ళకే మెదడులో నరం చిట్లి పోయాడు. ఈ తండ్రినైనా దక్కించుకోవాలని ఆమె పంతం. అందుకే డాక్టరు తగ్గించమన్న ఉప్పుని ఆమె మొత్తంగా మాన్పించేసింది.

అప్పలసూరి బెల్లం వండేవాడు. ఊరవతల గానుగ దగ్గర, చెరుకు పిప్పి భగభగా మండే పొయ్యి మీద, ఇంత వెడల్పు పెనం ముందు ముప్పై ఏళ్ళుగా నిలబడుతున్నాడు. పాకం ఏ క్షణాన దించాలో చూపుతోనే చెప్పేస్తాడు. ఆ చుట్టుపక్కల సూరి వండిన బెల్లమంటే కొనేవాళ్ళు రుచి కూడా చూడరు.

"మావా, నీళ్ళ సీసా మర్చిపోయారు" అంటూ ఆ పొద్దున్న యమున వీధి గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పలసూరి సీసాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటమ్మా ఇది? ఏటి సెయ్యాలి దీంతో?"

మావ హాస్యమాడుతున్నాడనుకుని యమున నవ్వేసింది. అరుగు మీద బియ్యం చెరుగుతున్న అత్త అమ్మడు మాత్రం నవ్వలేదు. చేట పక్కన పెట్టి, మొగుడు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండింటికి కొడుకు గిరిబాబు తండ్రిని బండి మీద ఇంటికి తీసుకొచ్చాడు. అతని మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"పాకం అడుగంటి బొగ్గయిపోయిందే. తెడ్డు పట్టుకుని పెనంలోకి సూస్తా ఉండిపోయాడంట. ఎంత పిలిసినా పలకలేదంట. అందరూ తాగొచ్చాడంతన్నారు" అన్నాడు పెళ్ళాంతో, గొంతు తగ్గించి.

జన్మలో కల్లు ముంత తాకని మనిషి అప్పలసూరి. ఆ మాట వినబడనట్టే నులకమంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. అవమానపడినా బాగుండేది. ఏం జరిగిందో కూడా తెలియనట్టున్న ఆ మొహం చూసి యమున లోపలికి పరిగెత్తింది. గబగబా బీపీ మిషను తెచ్చి చేతికి చుట్టింది. నూట పది. హమ్మయ్య అనుకుంటూ ఆ మాట చెబుదామని వంటింట్లోకి వెళ్ళింది.

అమ్మడు చీర కొంగు ముడి విప్పి, అందులోని గళ్ళుప్పు తీసి గంజిలో కలుపుతోంది.

"అత్తా! ఏటిది?"

"కనబడతన్నాది కదేటే, ఉప్పు."

"ఎన్నాళ్ళ నుంచి నడుస్తంది ఈ బాగోతం?"

"ఈ రోజే. ముందే సెయ్యనందుకు నన్ను నానే సెప్పుచ్చుకు కొట్టుకోవాల."

యమునకి ఒళ్ళు మండిపోయింది. "నూట ఎనభై నుంచి నూట పదికి తెచ్చాను. నలభై రోజుల కష్టం. మా నాన్నకి కూడా మా అమ్మ ఇలాగే, పోన్లే ఒక్క ఆవకాయ ముద్దే కదా అని పెట్టింది. ఆయన ఏమైపోయాడో మీకు తెలీదా? మావని మీ చేతుల్తో మీరే చంపేస్తారా?"

"అమ్మా, నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు గిరిబాబు గుమ్మంలోంచి. "డాట్రు సెప్పినాడు. ఇది సదువుకున్నాది. నీకేటి తెలుసు?"

అమ్మడు మాటకి మాట అప్పజెప్పే రకం. ఊళ్ళో ఆమెతో తగువంటే మగాళ్ళు కూడా పక్క సందులోంచి పోతారు. అలాంటిది ఆ రోజు తగువు పెట్టుకోలేదు. దండెం మీద వేలాడుతున్న మొగుడి నీలం చొక్కా తెచ్చి కోడలి ముందు పరిచింది.

"ఇది నిన్నటి సొక్కా. ఉతకలేదు. ముప్పై ఏళ్ళుగా నాను ఉతికిన సొక్కాలే ఇవి. పెనం కాడి నుంచి వస్తే ఈపు మీద ఉప్పు పేరుకుని సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. ఇప్పుడు సూడు. పది రోజులైపోనాది, ఒక్క తెల్ల సార కూడా లేదు. ఒంట్లో ఉప్పుంటే కదేటి సెమట్లో వచ్చీది? నీ కాయితంలో మీ మావ సెమట ఎక్కడ రాసున్నాదో సదివి సెప్పు."

యమున చొక్కా చేతిలోకి తీసుకునే లోపే ముందుగదిలో దబ్బుమని చప్పుడైంది. అప్పలసూరి నేల మీద పడి ఉన్నాడు. వాంతి చేసుకున్నాడు. కోడలు తల ఒడిలోకి తీసుకుంటే, "గంగులూ, బడికెల్లలేదేటే?" అన్నాడు. గంగులు ఆయన చెల్లెలు. పోయి ఇరవై ఏళ్ళయింది.

ఆటోలో శ్రీకాకుళం చేరేసరికి డాక్టరు పృథ్వీరాజ్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. కంట్లో లైటు వేసి చూసి, "పక్షవాతం కావచ్చు. ముందు తలకి స్కాను తీద్దాం" అన్నాడు. తండ్రి చావు మళ్ళీ యమున కళ్ళ ముందుకొచ్చింది.

అమ్మడు చంకలోంచి చొక్కా తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది.

"బాబూ, పచ్చవాతం మా ఇళ్ళల్లో సూసినాను. మూతి వంకరైపోతాది, సెయ్యి పడిపోతాది. ఈయనకి అయ్యేటీ లేవు. మీరు ఉప్పు తగ్గించమన్నారు, మేం రవ్వ లేకండా పెట్టినాం. మూడు లీటర్లు తాగమన్నారు, తాగినాడు. మాత్రేసుకున్న కాడి నుంచి గంటకోపాలి ఒంటేలుకెల్తన్నాడు. పొద్దుగూకులూ బెల్లం పెనం కాడ ఉడికిపోతన్నాడు. మీ కాయితం మంచిదే, కాదన్ను. మరి ఈయన ఏటి పని సేస్తాడో మీరొక్కపాలి అడిగినారా బాబూ?"

నర్సు ఆమెను బయటికి పంపించబోయింది. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. చొక్కాని చూసి, మనిషిని చూసి, "స్కానుతో పాటు రక్తం తీసి సోడియం చూడండి, వెంటనే" అన్నాడు.

స్కానులో ఏమీ లేదు. రక్తంలో ఉప్పు మాత్రం నూట ముప్పై అయిదుకి పైన ఉండాల్సింది, నూట పద్నాలుగుకి పడిపోయింది. "ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొచ్చేది" అన్నాడు డాక్టరు, అమ్మడి మొహంలోకి సూటిగా చూడకుండా. "నేనిచ్చిన మాత్రే ఉప్పుని మూత్రంలో తోసేస్తుంది. పొయ్యి దగ్గర చెమటలోనూ పోయింది. ఆయన పని నేను అడగలేదమ్మా. అడిగుంటే వేరే మాత్ర రాసేవాణ్ణి. తప్పు నాది."

"పిల్లది కూడా కాయితంలో ఉన్నట్టే సేసినాది బాబూ. దాన్నేటీ అనకండి" అంది అమ్మడు. యమున తలెత్తలేకపోయింది. ఇంట్లో తనన్న మాటలు ఒక్కటొక్కటే గుర్తొచ్చి గుచ్చుకున్నాయి. అక్షరం ముక్క రాని ఈ మనిషి, తను ఆరేళ్ళు పుస్తకాల్లో చదివినదాన్ని ఒక చొక్కా వీపు మీద చదివింది.

మూడో రోజు పొద్దుటికి అప్పలసూరి చూపులో మునుపటి వెలుగొచ్చింది. యమున మంచం పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. "మావా, నా వల్లే... అంత చప్పిడి కూడు ఎలా తిన్నారు? వద్దని ఒక్క మాటనుంటే..."

"ఎలగంతానమ్మా?" అన్నాడాయన నీరసంగా నవ్వి. "నా కోసం నువ్వూ ఉప్పు మానేసినావు. నా ఎదర కూకుని అదే సప్పిడి కూడు తిని, బాగున్నాది మావా అనీదానివి. నీ మొకం సూసి ఎలగ వద్దంతాను?"

యమున దుప్పటిలో మొహం దాచుకుని బావురుమంది. అమ్మడు కోడలి తల నిమిరింది. ఆమె కళ్ళూ చెమర్చాయి గానీ నోరు మాత్రం ఊరుకోలేదు. "ఇద్దరికిద్దరూ సరిపోనారు. మంచితనంతోనే సచ్చిపోదురు. లేవే, మొకం తుడుసుకో. డాట్రుబాబు వస్తన్నాడు. ఆయన ఇంగిలీసులో సెప్తే నాకు తెలుగులో సెప్పీదెవరు?"

డాక్టరు కేసు షీటు చూశాడు. "బీపీ మందు మానకూడదమ్మా. మాత్ర మారుస్తాను. ఉప్పు మితంగా వాడండి."

"మితమంటే ఎంత బాబూ?" అంది అమ్మడు. "పెనం కాడున్న రోజుకెంత? ఇంటికాడున్న రోజుకెంత?"

ఆయన రాయబోతున్న పెన్ను ఆపాడు. వెనక పదిమంది రోగులు ఎదురుచూస్తున్నారని నర్సు గుర్తుచేసినా వినిపించుకోకుండా, కుర్చీ లాక్కుని అమ్మడి ఎదురుగా కూర్చున్నాడు.

"మొదట్నుంచి చెప్పమ్మా. పొద్దున్న లేచింది మొదలు ఆయన ఏమేం చేస్తారు?"

యమున కళ్ళు తుడుచుకుని, అత్త పక్కన వచ్చి నిలబడింది.