నాలుగు కార్లూ, నాన్న గదీ

ఎనిమిది కాకముందే నాగూర్ కొట్టు ముందు మూలనున్న తన ఆఫీసు గది తాళం తీశాడు. కొట్టు మూసేసి ఏడాది దాటింది. లారీ సామాన్ల వ్యాపారమంతా ఆటోనగర్‌కి తరలిపోయాక, పటమటలోని ఈ వీధికొచ్చి స్ప్రింగు పట్టీలు అడిగేవాళ్లే లేరు. అయినా ఆయన రోజూ వస్తాడు, గది ఊడుస్తాడు, ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న కుర్చీలోనే కూర్చుని పేపరు చదువుతాడు, అన్నం వేళకి ఇంటికెళతాడు. బేరమే లేని కొట్టుకి ఇంత వేళాపాళా ఎందుకని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ రోజు మాత్రం పేపరు మడత విప్పలేదు. పదకొండింటికి మున్సిపల్ ఇంజనీరు వస్తాడు. కూతురు తబస్సుం చున్నీ నడుముకి బిగించి, భవనం ముందున్న ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీస్తోంది. ఒకచోట కుదురుగా నిలబడటం లేదు, చేతుల నిండా సున్నమే, ముక్కు మీద కూడా సున్నమే.

తబస్సుం ఫిజియోథెరపీ చదివింది. మూడేళ్లు ఒక ఆసుపత్రిలో పనిచేసి, ఖాళీగా ఉన్న ఈ కొట్టులో సొంత సెంటర్ పెడతానంది. కొట్టుని వైద్యానికి వాడుకోవాలంటే అనుమతి కావాలి. అనుమతి రావాలంటే నాలుగు కార్లు ఆవరణ లోపలే ఆగాలి, రోడ్డు మీద ఒక్క చక్రం కూడా ఉండకూడదు. పైగా ఎదురింటి రత్తయ్య, సెంటర్‌కొచ్చే కార్లు తన గేటుకి అడ్డం వస్తాయంటూ అభ్యంతరం రాసిచ్చాడు. పదకొండేళ్లుగా ఆయన నాగూర్‌తో మాట్లాడడు. కొత్త మేడ కట్టాక కళ్లు నెత్తికెక్కాయని నాగూర్ అనుకున్నాడు, అంతకుమించి ఆలోచించలేదు.

"నాన్నా, ఆఖరిసారి అడుగుతున్నా. మూలనున్న నీ గది తీసేస్తే కార్లు హాయిగా పడతాయి."

"గది జోలికి రాకు. ఇదే జాగాలో రెండు లారీలూ ఒక ట్రాక్టరూ పెట్టించాను నేను. నాలుగు కార్లు ఓ లెక్కా?"

"లారీలు వేరు నాన్నా, కార్లు వేరు."

"పన్నెండో ఏట క్లీనర్‌గా ఎక్కాను. బండి వెనక్కి పెట్టించడం నువ్వు నేర్పుతావా నాకు?"

ఫ్లాస్కులో టీ తెచ్చిన జైతూన్ బీ గుమ్మంలోనే ఆగిపోయింది. "పొద్దున్నే మొదలెట్టారా తండ్రీ కూతుళ్లు! ముందు టీ తాగండి, తర్వాత తగువాడుకుందురు."

తబస్సుం గ్లాసు అందుకోలేదు. "ఇవాళ కాదంటే మళ్లీ ఆ ఆసుపత్రికే పోతానమ్మా. నాన్నకి నాకంటే ఆ కుర్చీయే ఎక్కువ."

నాగూర్‌కి చురుక్కుమంది. క్లీనర్‌గా మొదలై, మెకానిక్కై, చివరికి యజమాని అయ్యానన్నదానికి గుర్తు ఆ గదే. అందులో కూర్చున్నప్పుడే జనం ఆయన్ని నాగూర్ గారూ అన్నారు. ఆ సంగతి కూతురికి ఎలా చెప్పాలో తెలియక, ఒక్క గుక్కలో టీ తాగి నాలుక కాల్చుకున్నాడు.

పదకొండవుతుండగా ఆటోనగర్ నుంచి ఊరేగింపు బయలుదేరి వచ్చింది. నాగూర్ తమ్ముడి కొడుకు నాసిర్, మరో ముగ్గురు మెకానిక్కులు, ఇంజనీరుకి పెట్టి చూపించడానికి రిపేరుకొచ్చిన నాలుగు కార్లు. ఒకదానికి ముందు బంపరు లేదు, ఇంకొకటి లారీ మోత మోగుతోంది. వీధిలోని పిల్లలు గోడలెక్కారు. సరిగ్గా అప్పుడే స్కూటర్ మీద ఇంజనీరు దిగాడు. ఎదురు మేడ వరండాలో రత్తయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాగూర్‌కి వయసు తగ్గిపోయింది. లుంగీ పైకి మడిచి, మొదటి కారు వెనక్కి చేరి, దాని వీపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. "రానీ, రానీ! ఎడమకి కొయ్! ఇంకొంచెం!" ఒక్క దెబ్బ. "హోల్డాన్!" లారీల దగ్గర నేర్చిన భాషే. రెండు దెబ్బలంటే రావాలి, ఒక్కటంటే ఆగాలి. రెండో కారు, మూడో కారు. నాలుగోది గది గోడకీ మూడో కారుకీ మధ్య జారుతుంటే వీధంతా ఊపిరి బిగపట్టింది. అద్దం గోడని ముద్దుపెట్టుకుంటుందా అన్నంత దగ్గరగా వెళ్లి ఆగింది.

"హోల్డాన్!"

చప్పట్లే చప్పట్లు. జైతూన్ బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తబస్సుం కూడా కోపం మర్చిపోయి గంతేసింది. నాగూర్ చెమట తుడుచుకుని, రత్తయ్య వైపు మీసం దువ్వినంత పని చేశాడు.

"బాగుందండీ," అన్నాడు ఇంజనీరు. "ఇక వాళ్లని దిగమనండి."

నాసిర్ తలుపు తోశాడు. జానెడు తెరుచుకుని పక్క కారుకి తగిలి ఆగింది. అటు తోశాడు, గోడ. మిగతావాళ్లదీ అదే గతి. చివరికి నాసిర్ కిటికీలోంచి తల, భుజాలు, ఆ తర్వాత పొట్ట ఒక్కొక్కటే బయటికి తెస్తుంటే పిల్లలు గోడల మీద పడీ పడీ నవ్వారు.

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "ఇక్కడికొచ్చేది మోకాళ్లు పట్టేసినవాళ్లు కదండీ? వాళ్లని కూడా కిటికీలోంచే దింపుతారా?"

నాగూర్ కార్ల మధ్య సందుల్ని చూశాడు. లారీలు సామాను కోసం ఆగేవి. వెనక తలుపు దింపుకుంటే చాలు, పక్కన జాగా దేనికి? బండిలోంచి మనిషి దిగాలన్న ఆలోచనే ఆయన లెక్కలో లేదు.

"ఆయనకి అవతలివాళ్ల తలుపులు ఎప్పుడు కనబడ్డాయి కనక!"

రత్తయ్య రోడ్డు దాటి వచ్చేశాడు. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట అది.

"ఏమన్నారు రత్తయ్యగారూ?" నాగూర్ గొంతు పెంచాడు. "నా కూతురు బాగుపడుతుంటే ఓర్వలేక కాగితం రాసిచ్చారు, చాలక ఎగతాళి కూడానా?"

"నీ కూతురి మీద నాకేం కోపం లేదయ్యా! తొంభై నాలుగు, వానాకాలం. మా ఆవిడ సంపూర్ణమ్మ మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆటో తెచ్చాను. నీ సరుకు లారీ నా గేటుకి ఆనించి ఉంది. డ్రైవరు లేడు, నువ్వు అన్నానికి వెళ్లావు. గేటు తలుపు మూరెడు తెరుచుకుంటే కదా! ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పిట్టగోడ మీంచి నలుగురం దాటించాం. అది పెట్టిన కేకలు వీధంతా విన్నది. నువ్వొచ్చావు, సరుకు దింపించావు, గదిలో కూర్చున్నావు. ఏం జరిగిందని ఒక్కమాట అడిగావా?"

నాగూర్ భార్య వైపు చూశాడు. జైతూన్ బీ తల వంచుకుంది. ఆమెకి తెలుసు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను," అంది మెల్లగా. "లారీ అన్నాక ఎక్కడో ఓ చోట ఆగదా అన్నారు."

అన్నాడు. అన్నట్టు గుర్తొచ్చింది కూడా. నాగూర్‌కి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. గౌరవమనుకుని ఇన్నేళ్లు తను కూర్చున్న గదిలోంచి ఎదురింటి గేటు తిన్నగా కనిపిస్తుంది. చూడాలనుకుంటే రోజూ కనిపించేదే.

"నాసిర్," అన్నాడు. "డిక్కీలో సమ్మెట ఉందా?"

"నాన్నా, ఇప్పుడే వద్దు," తబస్సుం ఆయన చెయ్యి పట్టుకుంది. "కోపంలో చెయ్యకు. తర్వాత బాధపడతావు."

"కోపం కాదమ్మా. బాధే. అది ఇప్పుడే పడనీ."

నాసిర్ వాళ్లు కార్లని రోడ్డు మీదికి తీశారు. నాగూర్ కుర్చీ తనే బయటికి మోసుకొచ్చి రోడ్డు పక్కన పెట్టాడు. బిస్మిల్లా అనుకుని మొదటి దెబ్బ వేశాడు. పెచ్చు ఊడింది. రెండో దెబ్బకి ఇటుక కదిలింది. మూడో దెబ్బ వేసి కళ్లు తుడుచుకోవడానికి ఆగితే తబస్సుం సమ్మెట అందుకుంది. తండ్రి ఏడుస్తుండటం చూసి తనూ ఏడుస్తూనే కొట్టింది. మధ్యాహ్నానికి గది నేలమట్టమైంది. ఇంజనీరు పదిరోజుల్లో మళ్లీ వస్తానని వెళ్లాడు. రత్తయ్య గది పడగొట్టినవాళ్లకి కుండెడు మజ్జిగ పంపాడు. ఆ వారంలోనే అభ్యంతరం కాగితం వెనక్కి తీసుకున్నాడు.

అనుమతి వచ్చి, సెంటర్ తెరిచే రోజున నాగూర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాసిర్ కారెక్కి, రోడ్డు దాటి రత్తయ్య గేటు ముందు ఆగాడు.

"ముప్ఫై అడుగుల దూరానికి కారేంటయ్యా?" అంది సంపూర్ణమ్మ, కర్ర ఊతంగా వచ్చి.

"ఎక్కండి అక్కయ్యగారూ. పదకొండేళ్ల కిందట ఎక్కాల్సిన బండి."

నాసిర్ కారు వెనక్కి తీశాడు. నాగూర్ దిగి, దాని వీపు మీద రెండు దెబ్బలు, తర్వాత ఒక్కటి కొట్టాడు. సరిగ్గా ఆయన కుర్చీ ఉండే చోట కారు ఆగింది. తలుపు పట్టుకుని తీశాడు. అది దేనికీ తగలకుండా బార్లా తెరుచుకుంది.

సంపూర్ణమ్మ తొందరపడకుండా దిగింది. ముందు కర్ర, తర్వాత కుడికాలు, ఆ తర్వాత ఎడమది. తబస్సుం పరుగున వచ్చి చెయ్యందించింది.

"ఇంత జాగా ఎక్కడిదే పిల్లా?"

తబస్సుం తండ్రి వైపు చూసింది. నాగూర్ ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు.

"క్షమించండి అక్కయ్యగారూ," అన్నాడు.

"అడిగావుగా ఇప్పటికి," అంది సంపూర్ణమ్మ. ఆయన భుజం ఊతంగా పట్టుకుని లోపలికి నడిచింది.