ఏడాది తరువాతి నాదం

2078లో విశాఖ ట్రాముల కిటికీ అద్దాలు ఊపిరి ఆవిరిని కాసేపు చెదరకుండా ఉంచేవి, పిల్లలు బొమ్మలు వేసుకుంటారని. పెళ్లయి పదహారు రోజులైన నీలాంబరి ఆ ఆవిరి మీద ఓ కీబోర్డు గీసి, "వాయించండి మాస్టారూ!" అంది.

భర్త కమలాకర్ వేలితో నాలుగు మెట్లు నొక్కాడు.

"శభాష్!" అందామె తల ఊపుతూ.

అతనికి చెవులు వేడెక్కాయి. సింథసైజర్ బ్రహ్మాండంగా వాయిస్తానని పెళ్లికి ముందే చెప్పుకున్నాడు. నిజానికి ఆరు స్వరాలు వరుసగా తప్పు లేకుండా ఏనాడూ పలికించలేదు.

పాటలన్నీ కంప్యూటర్లే కట్టే ఆ రోజుల్లో పాత తరహా అనలాగ్ సింథసైజర్లకి మళ్లీ గిరాకీ వచ్చింది. వేడెక్కితే వాటి శ్రుతి కాస్త జారుతుంది. జనానికి ఆ జారడమే ముద్దు. చదివింపుల డబ్బుతో ఒకటి కొందామని ఇద్దరూ బయల్దేరారు.

కొట్లో రెండు నచ్చాయి. 'మేఘం' ఒకేసారి ఎనిమిది స్వరాలు పలుకుతుంది, అరవై నాబ్‌లు. ఉన్నదంతా దానికే సరిపోతుంది. 'పిచ్చుక' ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, అయిదు నాబ్‌లు. సగం డబ్బు మిగులుతుంది.

"తొందరపడకండి," అంది కొట్టు నడిపే శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి. తను కనిపెట్టిన 'భావిశ్రవణి' యంత్రాన్ని ముందుకి జరిపింది. "ఇద్దరూ దీని మీద చేతులు పెట్టండి. మీ వేళ్ల అలవాట్లూ ఓపికా కొలిచి, ఏడాది తరువాత మీ ఇంట్లో ఆ వాయిద్యం ఎలా వినిపిస్తుందో ఇప్పుడే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ ఒకటే ఉంది, ఒకరి తరువాత ఒకరు వినండి."

ఇద్దరూ చేతులు పెట్టాక నీలాంబరి అవతల నాబ్‌లు తిప్పుతూ ఆడుకుంటోంది. కమలాకర్ ముందుగా పిచ్చుకని విన్నాడు. తడబడే స్వరాలు. ఆగి, మళ్లీ మొదలు. నీలాంబరి పగలబడి నవ్వుతూ, "అయ్యో రామా, మళ్లీ తప్పే! జరగండి, నేను వాయిస్తా!" వెంటనే ఆమెతో పాటు కమలాకర్ నవ్వు కూడా.

ఆ నవ్వు అతని చెవికెక్కలేదు. తప్పులే వినిపించాయి. ఇది ఆమె వింటే?

తరువాత మేఘం. ఏమీ లేదు. వాల్యూమ్ పెంచాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, అంతే.

"పాడైందా మేడమ్?"

"లేదు," అంది హైమవతి గొంతు తగ్గించి. "అప్పటికి దాని మీద గుడ్డ కప్పేసి ఉంటారు."

నీలాంబరి పరుగున వచ్చింది. "ఏమంటోంది?"

"పిచ్చుక దండగ నీలా, వినకు కూడా. మేఘం మాత్రం... అబ్బ!"

"ఏదీ, మేఘమే పెట్టండి!" ఆమె హెడ్‌ఫోన్ లాక్కుని నిమిషంపాటు కదలకుండా వింది. అతను నేల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె మెల్లగా హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టింది.

"అవును," అంది. "అబ్బ!"

మేఘాన్ని ప్యాక్ చేయించి, హైమవతి ఓ కాగితం ఇచ్చింది. "నా పరిశోధన కోసం. ఏం వినిపించిందో రాయండి చాలు. ఇంతవరకూ ఏమీ వినిపించలేదని ఒక్కరూ రాయలేదు."

కమలాకర్ 'మోహన రాగం' అని రాసి భార్యకి అందించాడు. ఆమె అది చదివి, కింద గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం చేయమని తిరిగి అతనికే ఇచ్చింది.

'నాకూ అదే రాగం. ఆఖర్న మావారు చాలా బాగా ముగించారు.'