సిగ్నల్ బంగళా పిలుపు

మల్కాపురం దాటి, కొండ అవతలికి దిగితే, రాళ్ళ మీద సముద్రానికి ఎదురుగా సిగ్నల్ బంగళా అని ఒకటుండేది. ఎప్పుడో ఓడలకి జెండాలెత్తి సైగ చేయడానికి కట్టారట. తరవాత ఒక వాచ్‌మన్‌కి అప్పగించి వదిలేశారు. పగలు అక్కడ మేకలు మేసేవి. చీకటి పడితే మాత్రం — దొంగసారా మోసేవాళ్ళు కూడా ఆ దారి తొక్కేవారు కాదు.

దసరా వెళ్ళాక రెండు మూడు నెలలపాటు, కొన్ని రాత్రుళ్ళు, నీళ్ళలోంచి ఎవరో పిలుస్తారని చెప్పుకునేవారు. "బావా..." అని. ఎండాకాలంలో పిలవదు. వానాకాలంలో పిలవదు. పిలిచినప్పుడు పలికామా — కాళ్ళు వాటంతటవే సముద్రంలోకి నడుస్తాయట. అలా నడిచినవాణ్ణి కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరు. నమ్మనివాళ్ళూ లేరు.

ఎనభై నాలుగు నవంబరులో ఆ బంగళాకి జ్ఞానదాసు వచ్చాడు.

సీతమ్మధారలో ఇల్లు, పాతికేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం. సముద్రం మీద పరిశోధన చేసే ఆఫీసొకటి అక్కడ రాడార్ పెట్టి చూద్దామనుకుంది. విమానాల్ని చూసే రాడార్ కాదు. రాళ్ళ మీద వరసగా స్తంభాలు పాతి, తీగలు కట్టి, నీళ్ళ మీదుగా రేడియో తరంగాలు వదులుతారు. అవి అలలకి తగిలి వెనక్కొస్తాయి. వచ్చిన తీరుని బట్టి, ఎక్కడి నీరు మన వైపు వస్తోందో, ఎక్కడిది దూరంగా పోతోందో, ఎంత జోరుగా పోతోందో మిషను కాగితం మీద బాణాలు గీస్తుంది. అది రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి. రాత్రి డ్యూటీ జ్ఞానదాసుది.

తోడు వాచ్‌మన్ వీరన్న. యాభై దాటాయి. ఒకప్పుడు చేపల వేటకెళ్ళినవాడే. పదేళ్ళుగా ఆ బంగళాకి కాపలా.

మూడు రాత్రులు బాగానే గడిచాయి.

నాలుగో రాత్రి... గాలి లేదు. చంద్రుడు లేడు. రెండు దాటింది. మిషను కాగితం గీకుతున్న చప్పుడొక్కటే.

అప్పుడు వినిపించింది.

"బావా..."

సన్నగా, ఎడమ వైపు నుంచి. వరండాలో కూర్చున్న వీరన్న దిగ్గున లేచాడు. లాంతరు ఊది ఆర్పేశాడు. లోపలికొచ్చి తలుపు గడియ పెట్టి, గదిలో బల్బు కూడా ఆపేశాడు.

"పలక్కండి బాబూ," అన్నాడు గుసగుసగా. "ఏటీ ఇన్నేదనుకోండి."

జ్ఞానదాసు పెదాలు ప్రార్థన మొదలుపెట్టాయి.

కాసేపటికి మళ్ళీ — "బావా... ఓ బావా..." ఈసారి సరిగ్గా ఎదురుగా.

"అదలాగే నడిసెల్తాది," అన్నాడు వీరన్న. "ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే. మరింకో పావుగంట. ఎల్లిపోద్ది."

ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే...

ఆ మాట జ్ఞానదాసు చెవిలో పడి ఆగిపోయింది. టార్చి వేసి కాగితం చూశాడు. బంగళాకి ఎడమ పక్క నీరు ఇటు వస్తోంది. కుడి పక్క నీరు దూరంగా పోతోంది. అంటే మొత్తం ప్రవాహం హార్బరు వైపు నుంచి బంగళా ముందుగా దక్షిణానికి పోతోంది. జోరు నిమిషానికి ముప్ఫై గజాలు. దసరా దాటాక ఈ తీరంలో నీరు దక్షిణానికి తిరుగుతుందని, ఎండలు ముదిరేసరికి మళ్ళీ ఉత్తరానికి పారుతుందని ఆఫీసులో పెద్దాయన చెప్పిందే.

ఆ పిలుపూ అంతే మెల్లిగా, అటే పోతోంది.

దెయ్యానికి ప్రవాహంతో పనేంటి?

"బాబాయ్... అది నీళ్ళలో కొట్టుకుపోతున్న మనిషి!"

గడియ తీయబోతే వీరన్న చొక్కా పట్టుకున్నాడు. "పలికితే పోతారు బాబూ! నా మాట ఇనండి!"

జ్ఞానదాసు విదిలించుకుని బయటికొచ్చాడు. సముద్రం వైపు తిరిగి అరిచాడు — "ఎవరదీ?"

ఒక అల విరిగింది. ఇంకొకటి...

"నాను మనిసినే బాబో... దొరబాబుని... సేతులు తిమ్మిరెక్కిపోనాయి..."

బంగళాకి కుడి పక్కన రాళ్ళు ముక్కులా నీళ్ళలోకి పొడుచుకొస్తాయి. మనిషి అక్కడికి చేరేలోపు తను చేరాలి. స్తంభాలకని తెచ్చిన నైలాన్ తాడు భుజాన వేసుకుని జ్ఞానదాసు పరుగెత్తాడు. నాచు మీద జారి మోచెయ్యి చీరుకుపోయింది. లేచి విసిరాడు. అందలేదు. మళ్ళీ విసిరాడు...

వెనకనుంచి ఎవరో తాడు లాక్కున్నారు. వీరన్న! కొస నడుముకి చుట్టుకుని, నీళ్ళలోకి దూకేశాడు.

తెల్లవారుతుంటే దొరబాబు వరండాలో గోనెపట్టా కప్పుకుని టీ తాగుతున్నాడు. సాయంత్రం హార్బరుకి ఉత్తరాన ఎక్కడో దూరంలో వాడి తెప్ప తిరగబడిందట. విడిపోయిన దుంగ ఒకటి పట్టుకుని అప్పటిదాకా తేలాడు.

"దూరాన్నించే మీ దీపం కనిపించినాది," అన్నాడు పళ్ళు కొట్టుకుంటూ. "బతికాన్రా అనుకుని, ఏటగాళ్ళం ఎవుర్నైనా అలాగే పిలుత్తాం గదా, బావా అని అరిసినాను. అరవగానే... దీపం ఆరిపోనాది. నన్నెందుకు వొద్దనుకున్నారో తెలవనేదు."

వీరన్న తడి బట్టలతోనే లోపలికెళ్ళి మిషను దగ్గర నిలబడ్డాడు. జ్ఞానదాసు వెనకే వెళ్ళాడు.

"బాబూ, ఈ కాయితంలో పాత రోజులు కనిపిత్తాయేటి?"

"ఏ రోజులు, బాబాయ్?"

"ఏడేళ్ళ కిందటియి. మా సెల్లి మొగుడు ఎర్రయ్య ఏటకెల్లి మరి రానేదు. ఆ రేత్రి ఈడే ఉన్నాను."

"అవి కనిపించవు. ఇది పెట్టి వారమేగా అయింది..."

వీరన్న కాగితం మీద బాణాల వెంట ఎడమ నుంచి కుడికి వేలు జరిపాడు. అప్పుడన్నాడు —

"మూడుసార్లు పిలిసినాడు బాబూ. రొండుసార్లు బావా అన్నాడు. మూడోసారి... నా పేరెట్టి పిలిసినాడు."