మలుపు దగ్గర కాపలా

పొగమంచు ఇంకా విడవలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే నది ఉన్నట్టే లేదు. ఊరంతా పాలల్లో మునిగి నిద్రపోతున్నట్టుంది. ఇలాంటి పొద్దుల్లో వెర్లీన్‌కు లోకంలో చెడు అనేదే లేదనిపిస్తుంది. ఓవెన్‌లోంచి కోడిమాంసం గిన్నె తీసి, కలలో ఉన్నట్టు నెమ్మదిగా దానికి గుడ్డ చుట్టింది.

ఎవరింట్లో కష్టం వచ్చినా ఆ ఇంటికి వండిన గిన్నె వెళ్ళాలి. అలబామాలోని ఆ ఊళ్ళో తెల్లవాళ్ళయినా నల్లవాళ్ళయినా తప్పని ఆచారమది. శనివారం నల్లవాళ్ళ చర్చికి ఎవరో నిప్పు పెట్టారు. లోపల పడుకున్న కాపలాదారు ఎజెల్ చేతులు కాలి ఆసుపత్రిలో ఉన్నాడు.

"డాల్టన్, ఇది ఎజెల్ గారి భార్యకిచ్చి రా నాయనా."

"నేను వెళ్ళను."

"ఏం, కాళ్ళేమైనా అరిగిపోతాయా?"

"అమ్మా, ఆ గిన్నె నా చేతికివ్వకు." కొడుకు రెండడుగులు వెనక్కి వేశాడు.

కాఫీ తాగుతున్న తమ్ముడు గ్రేడీ కప్పు కింద పెట్టాడు. లాయరు కదా, అక్క కంటే ముందే అర్థమైంది.

"ఆ చర్చి దగ్గరికి నువ్వూ వెళ్ళావురా?"

"మలుపు దగ్గర బండిలో కూర్చున్నా. ఎవరైనా వస్తే హారన్ కొట్టమన్నారు నా స్నేహితులు. అంతే మామయ్యా! అగ్గిపుల్ల నేను గీయలేదు. చర్చివాళ్ళు భయపడి ఊరొదిలి పోతారన్నారు. లోపల మనిషున్నాడని తెలీదు."

వెర్లీన్ ఊపిరి పీల్చుకుంది. "విన్నావుగా తమ్ముడూ, వీడేం చేయలేదు."

"అలా కుదరదక్కా. జాతిద్వేషంతో చేసే నేరాలకు చట్టం మారింది. ఒకప్పుడు కుట్రలో ఉన్నవాడు కొద్దిపాటి శిక్షతో బయటపడేవాడు. ఇప్పుడు సరేనని చేయి కలిపితే చాలు, మనిషికి పెద్ద గాయమైతే ముప్పై ఏళ్ళ దాకా పడొచ్చు. నిప్పు పెట్టినవాడూ, కాపలా కాసినవాడూ ఒకటే."

"సరేనన్నందుకే ముప్పై ఏళ్ళా! వాడు రాత్రంతా ఇంట్లోనే ఉన్నాడని చెప్తాను. షెరీఫ్ వచ్చినా, ఏ పోలీసొచ్చినా ఇదే మాట."

"అబద్ధం చెప్తే నువ్వూ లోపలికి పోతావు."

"పోతే పోతాను! నా బిడ్డ కంటేనా?"

"ఆపమ్మా!" డాల్టన్ చెవులు మూసుకున్నాడు. "ఆయన అరుపు మలుపు దాకా వినపడింది. ఇప్పటికీ వినపడుతోంది."

వెర్లీన్‌కు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఆ వెధవలతో ఎందుకు తిరిగావురా? ఈ బుద్ధి నీకెవరు నేర్పారు?"

వాడు తల్లి ముఖంలోకి చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు.

"వాళ్ళు ఈ బల్ల దగ్గరే కూర్చునేవాళ్ళు కదమ్మా. చర్చివాళ్ళ గురించి వెకిలిగా మాట్లాడితే, నవ్వుతూ ఇంకో ముక్క వడ్డించేదానివి. అమ్మే నవ్వుతోంది, తప్పు లేదనుకున్నా."

నిజమే, నవ్వింది. ఇంటికొచ్చినవాళ్ళ మాట కాదనడం మర్యాద కాదని, ప్రతిసారీ నవ్వింది. కుర్చీలో కూలబడింది. కన్నీళ్ళు ధారగా కారిపోయాయి.

"సరేనన్న వాడికి ముప్పై ఏళ్ళు. నవ్విన నాకెన్నేళ్ళు తమ్ముడూ?"

"చట్టంలో నీకేం లేదక్కా."

ఆ మాట ఆమెకు ఏ శిక్ష కంటేనూ బరువుగా తోచింది. లేచి కొడుకు చేయి పట్టుకుంది.

"పద నాన్నా, షెరీఫ్ దగ్గరికి. నువ్వు చేసింది నువ్వు చెప్పు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నేను చెప్తాను."