గోడ ఎండేదాకా

వీధిలో అందరూ వాచీల డాక్టరని పిలిచే మన కుర్రాడికి ఏ గడియారం ఎందుకాగిందో చూడగానే తెలిసిపోతుంది. మనుషుల దగ్గరే బుర్ర ఆగిపోతుంది. అందుకే మేడమీద పోర్షన్‌లో ఏజెంట్లు దింపిన అద్దెవాళ్ళు రెండుసార్లూ నాలుగు నెలలకే చక్కా పోయారు.

"ఈసారీ ఖాళీ పడితే ఇల్లు అమ్మేయడమే," అని అక్క తేల్చేసింది.

"నాన్న కట్టిన ఇల్లే!"

"నాన్న కట్టాడు. నువ్వు తాళం కాస్తున్నావు. ఏజెంటునైనా చూసి పెట్టుకోరా, సన్నాసీ!"

మనవాడు ఎత్తు వేశాడు. అక్కచేత ముగ్గురు ఏజెంట్లకి ఫోన్లు చేయించి తాళాలిప్పించాడు. తనేమో టక్ చేసుకుని, అద్దెకొచ్చినవాడిలా సొంతింటిని చూడ్డానికి బయలుదేరాడు.

మొదటివాడు చెమ్మ గోడకి అడ్డంగా నిలబడి, "డిజైన్ సార్, ఇంపోర్టెడ్!" అన్నాడు. రెండోవాడు మెట్లే ఎక్కలేదు. ఫోన్ చెవిలో పెట్టుకుని, "సూపర్ హౌస్, మీరే చూసుకోండి," అని చెయ్యూపాడు. మనవాడికి ఒళ్ళు మండింది. ఆ చెమ్మ మీద రంగు పూయించింది తనేనన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు మహానుభావుడికి!

మూడో ఏజెంటు ఒకమ్మాయి. చినుకుల్లో తడుస్తూ వచ్చి, తాళం తీసి తలుపు తోసింది. కదల్లేదు. మనవాడు అలవాటు కొద్దీ తలుపుని కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్కటిచ్చాడు. తెరుచుకుంది.

ఆమె ఒక్క చూపు చూసింది. లోపలికెళ్ళి కుళాయిలు తిప్పింది, కిటికీలు లాగింది, గోడమీద అరచెయ్యి పెట్టింది.

"ఈ ఇల్లు తీసుకోకండి."

"అదేంటండీ, ఏజెంటయ్యుండి!"

"గోడలో పైపు కారుతోంది. అది బాగుచేయించకుండా పైన రంగేయించాడు ఓనరు. పిసినారి పీనుగ."

"పాపం, మంచోడేమో..."

"సొంతింటి గోడ ఏడుస్తుంటే పౌడరు రాసిన మనిషి మంచోడా?"

"అందగాడని విన్నానే!"

"ఎవరన్నారు? వాళ్ళక్కే ఫోన్లో సన్నాసి అంది."

మనవాడి మొహం మాడిపోయింది. కళ్ళు మాత్రం ఆమె తడి ముంగురుల్ని వదిలితే ఒట్టు!

"ఇక చాలు ఓనరుగారూ, ఆ టక్ తీసేయండి."

"ఎలా... ఎలా తెలిసింది?"

"కొత్తగా వచ్చినవాడు ఆ తలుపుని అంత ముద్దుగా తంతాడా?"

వాచీల డాక్టరు తల గోక్కున్నాడు. "ఏజెంటుగా మీరే కావాలండీ."

"గోడ ఎండాకే మనిషిని తెస్తా. అబద్ధాలాడి ఇల్లు అంటగట్టను."

"ఇంటికి మనిషిని తెస్తారు. మరి ఓనరుకో?"

"ఓనర్ని చూసి ఎవరొస్తారు? ఇంటికన్నా ఎక్కువ రిపేర్లున్నాయి."

"చేసేది మీరైతే అన్నీ చేయించుకుంటా."

ఆమె గబగబా మెట్లు దిగింది. నవ్వు దాచబోయి దొరికిపోయింది. "ముందు గోడ ఎండనివ్వండి. తర్వాత చూద్దాం."

మర్నాడు ప్లంబరు పని ముగించి ఇలా వెళ్ళాడో లేదో, అలా మేడమీద రెండు ఫ్యాన్లు గోడకేసి బరబరా తిరగడం మొదలెట్టాయి. అక్క గుమ్మంలో నడుం మీద చేతులేసుకు నిలబడింది.

"మనిషి లేని గదిలో గోడకి గాలేంట్రా?"

"నా పెళ్ళి తొందరగా అవ్వాలని!"

"ఎవర్తోరా?"

"నన్ను పిసినారి పీనుగ అందే, ఆ ఏజెంటమ్మాయితో."

అక్క తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. కిందికెళ్ళి, తన గదిలోని టేబుల్ ఫ్యాన్ ఊడబెరికి తెచ్చి, మూడోది కూడా గోడకేసి పెట్టింది.