గోడకి ఇవతలివాళ్ళు

గోడ అబద్ధం ఆడదు, అడగడం మనకి రావాలంతే అనేవాడు తండ్రి. ఆయన పోయాక ఆయన తాపీ, సుత్తి, ఆ మాట, మూడూ కూతురికి వచ్చాయి. వీధిలో ఆమెని అందరూ మేస్త్రీ పిల్ల అంటారు.

తాపీ పిడితో గోడని తట్టి చెవి పెట్టడం ఆమెకి అన్నం తినడమంత అలవాటు. లోపల గట్టిగా ఉంటే ఒక చప్పుడు, డొల్లగా ఉంటే ఇంకో చప్పుడు. ఎప్పుడూ రెండే దెబ్బలు. ఒక్క దెబ్బని నమ్మకూడదు, మూడోది దండగ. ఎక్కడ గోడ కనబడినా ఆ చెయ్యి ఊరుకోదు. ఒకసారి బ్యాంకులో వరసలో నిలబడి గోడ తడుతుంటే కాపలా మనిషి వచ్చి సంచీ విప్పి చూశాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె తడుతున్నది సొంతింటి గోడల్నే. నానమ్మ ఇల్లు. భుజం భుజం ఆనించి నిలబడ్డ వరస ఇళ్ళలో చివరిది. నిజానికి దాని అవతల ఇంకో ఇల్లుండేది. డెబ్బై ఏళ్ళ కిందట, యుద్ధంలో, విమానాలొచ్చిన రాత్రి అది పోయింది. ఆ గుంతని మట్టితో పూడ్చేశారు. ఇప్పుడక్కడ మోటారు సైకిళ్ళు నిలుపుకుంటున్నారు.

ఇంటి కింద ఉన్న నేలమాళిగని బాగుచేసి పనిముట్లు పెట్టుకుంటానంటే నానమ్మ ఒప్పుకుంది.

"మూడు గోడలూ నీ ఇష్టం. ఆ నాలుగోది నేను పోయాక చెయ్యి."

"ఎందుకని?"

"చెప్పేదాన్నయితే నువ్వడక్కముందే చెప్పేదాన్నిగా."

ముసలాళ్ళ చాదస్తం అనుకుని మేస్త్రీ పిల్ల దిగిపోయింది. మూడు గోడలు చూసేసరికి మూడు దాటింది. పైన బాబాయి గొంతు వినిపిస్తోంది. ఆయన బడిపంతులు. ఇంట్లో ఇద్దరున్నా నలభైమందికి చెప్పినట్టే మాట్లాడతాడు. ఊరి నడిమధ్యన, బాంబుల్లో పోయినవాళ్ళ పేరున ఒక రాయి నిలబెడుతున్నారు. దాని మీద ఏం చెక్కాలో ఏడాదిగా తేలడం లేదు. ఇది హత్య, హత్య అనే రాయాలని సగంమంది. మన విమానాలు వాళ్ళ ఊళ్ళ మీద చేసినదానికి ఏం పేరు పెడదాం మరి, అని మిగతా సగం. రేపు సభ. ఆ రాత్రి చూసినవాళ్ళు లేచి మాట్లాడాలి. మిగిలిందే ముగ్గురు. ఒకాయనకి మాట పడిపోయింది, ఒకామెకి మతి తప్పింది. ఇక నానమ్మే దిక్కు.

మేస్త్రీ పిల్ల పనిముట్లు సర్దుకుని లేచింది. మెట్ల వైపు వెళ్ళాలంటే నాలుగో గోడ పక్కనుంచే వెళ్ళాలి.

చెయ్యి ఊరుకోదుగా.

డక్. డక్.

అలవాటుగా చెవి పెట్టింది. పలచటి గోడ, ఒంటి ఇటుక. వెనక మట్టి బిగిసి ఉన్న మొద్దు చప్పుడు. బాగానే ఉంది అనుకుని చెవి తీయబోయింది.

లోపల ఇసుక జారింది.

ఎలుకేమో. ఆమె కదల్లేదు. జారిన ఇసుక ఆగింది. ఆ వెనకే ఇంకేదో... నేల మీద బట్ట ఈడుస్తున్నట్టు. ఒక చోట కాదు, చాలా చోట్లనుంచి. అన్నీ మెల్లగా ఈ గోడ వైపే వస్తున్నాయి. వచ్చి, ఆగాయి. ఎవరో దగ్గుని నోట్లోనే అదుముకున్నారు. ఇటుకల సందుల్లోంచి కమురు వాసన సన్నగా వచ్చి ముక్కుకి తగిలింది, జుట్టు కాలితే వచ్చే వాసన.

టక్. టక్. టక్.

ఆమె చెంప కిందే. సరిగ్గా ఇటుక అవతలే.

పైకి ఎలా వచ్చిందో ఆమెకి తెలీదు. వంటింట్లో నానమ్మ టీ వడపోస్తోంది. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి కాగితాలు చదువుతున్నాడు.

"కింద... గోడలో ఎలుకలు చేరాయి నానమ్మా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నేను కొడితే తిరిగి కొడుతున్నాయి."

"చదువుకున్న ఎలుకలు," అన్నాడు బాబాయి.

నానమ్మ నవ్వలేదు. "ఏ గోడ?"

నాలుగోదని ఆమె ముఖమే చెప్పింది.

"ఎన్ని కొట్టావు?"

"రెండు."

"వరసగానా?"

"నేనెప్పుడూ అంతేగా."

నానమ్మ టీ గిన్నె కింద పెట్టింది. పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టింది.

"సైరన్ మోగితే అందరం కిందికి దిగేవాళ్ళం," అంది నానమ్మ గొంతు తగ్గించి. "ఇళ్ళ మధ్య కింది గోడల్ని ఒంటి ఇటుకకి తెచ్చారు. ఒక ఇల్లు కూలితే పక్కింట్లోకి గోడ పగలగొట్టుకుని రావడానికి. ప్రతి గోడ దగ్గరా ఒక సుత్తి. మూడు కొడితే, మా మెట్లు మూసుకుపోయాయి అని. రెండు కొడితే, విన్నాం, కదలకండి, గోడ తీస్తున్నాం అని. బళ్ళో మాకు పాఠంలా చెప్పించారు."

"ఇదంతా ఎప్పుడూ చెప్పలేదే అమ్మా," అన్నాడు బాబాయి. కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పక్కింటివాళ్ళు మూడు కొట్టారు. మా అందరికంటే ముందు నేనే లేచి రెండు కొట్టాను. ఎనిమిదేళ్ళు నాకు. పాఠం సరిగ్గా అప్పచెప్పానని సంతోషం కూడా." ఆమె తడి చేతుల్ని చీరకి తుడుచుకుంది. "నాన్న సుత్తి తీశాడు. గోడ మీద చెయ్యి వేసి చూశాడు. వేడి. మంట వాళ్ళ వెనకే ఉంది, తీస్తే మనమూ పోతాం అన్నాడు. సుత్తి కింద పెట్టేసి మా అందరినీ చెవులు మూసుకోమన్నాడు."

"మెట్లు ఎటూ పోయాయిగా. వాళ్ళు ఎలాగూ..."

"వాళ్ళకి వీధిలోంచి బొగ్గు పోసుకునే చిన్న కిటికీ ఉందిరా. పెద్దవాళ్ళు పట్టకపోయినా పిల్లలు దూరేవాళ్ళు. కానీ నేను రెండు కొట్టాను కదా. వస్తున్నారులే అనుకుని గోడ దగ్గరే కూర్చున్నారు. తెల్లారి తవ్వితే అందరూ మన గోడకి ఆనుకునే ఉన్నారు. కిటికీ దగ్గర ఒక్కరు కూడా లేరు."

టీ మీద మీగడ కట్టింది.

"ఇది రేపు సభలో అనకు," అన్నాడు బాబాయి చివరికి. ఈసారి తరగతి గొంతు కాదు. "చేతులు జోడించి అడుగుతున్నా. ఇంతమందిని కాల్చినవాడిని వదిలేసి ఎనిమిదేళ్ళ పిల్లనా నిలదీసేది? అవతలివాళ్ళ చేతికి మనమే కర్ర ఇచ్చినట్టుంటుంది. చంపింది మేం కాదు, వాళ్ళ పక్కింటివాళ్ళే అంటారు."

"అననీ. వేసినవాడి పాపం వేసినవాడిదే, అందులో నేను చెంచాడు కూడా తగ్గించడం లేదు. నా వాటా నాకిమ్మంటున్నాను."

"డెబ్బై ఏళ్ళు నోరు మూసుకున్నదానివి, ఇంకొక్క రోజు మూసుకోలేవా?"

"డెబ్బై ఏళ్ళూ వాళ్ళు తట్టలేదుగా."

మేస్త్రీ పిల్ల నెమ్మదిగా అడిగింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"రెండు కొట్టినవాళ్ళు గోడ తియ్యాలమ్మా. ఇంకేముంది."

ముగ్గురూ దిగారు. అవతల ఉన్నది మట్టేనని తేల్చడానికి బాబాయి. ముక్కాలి పీట మీద కూర్చోవడానికి నానమ్మ. తీగకి వేలాడుతున్న బల్బు వెలుగుతూనే ఉంది. ఆరినా బాగుండేదనిపించింది మేస్త్రీ పిల్లకి. అంత వెలుతురులో, ఖాళీ గోడ...

టక్. టక్. టక్.

బాబాయి మెట్టు మీదే ఆగిపోయాడు. తరవాత వచ్చి గోడ మీద అరచెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"వేడిగా ఉంది," అన్నాడు గుసగుసగా. "తియ్యకు తల్లీ. ఏముందో... ఏమొస్తుందో తెలీదు. మంట కూడా వస్తే?"

"మా నాన్న ఇక్కడే నిలబడి ఇదే మాటన్నాడు," అంది నానమ్మ. "తప్పని నేననలేను. ఆయన అనకపోతే నువ్వు పుట్టేవాడివి కాదు. కానీ తప్పు కాదని కూడా అనలేకపోయాన్రా."

ఉలి ఆనించింది మేస్త్రీ పిల్ల. ఒకరు చెయ్యి ఆపమంటున్నారు, ఒకరు మాట నిలబెట్టమంటున్నారు. నానమ్మ మాట ఒక్కటే అయితే ఆగేదేమో. ఇప్పుడు రెండు కొట్టింది తను కూడా.

మొదటి ఇటుక ఊడొచ్చింది.

వెనక మట్టి. బిగిసిన మట్టి, ఎండిన వేళ్ళు, పెంకు ముక్క. బాబాయి ఊపిరి వదిలి నవ్వాడు. "మట్టే. నేను చెప్పలా?" ఆమె ఆగలేదు. ఒక మనిషి భుజాలు పట్టేంత తీసింది. మట్టి కదల్లేదు. తట్టడం ఆగిపోయింది.

ఆమె చెమట తుడుచుకుంటూ పక్కకి జరిగింది.

ఎవరో వెళ్ళారు.

ఇరుకు సందులో ఒకరిని దాటుకుని ఒకరు వెళ్తే ఎలా ఉంటుందో అలా. చెంపకి వెచ్చటి గాలి, కమురు వాసన, అంతే. నానమ్మ చిటికెన వేలు మడిచింది. మళ్ళీ ఎవరో. రెండో వేలు. ఒకరు మేస్త్రీ పిల్ల నడుమంత ఎత్తులో వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఆమె చొక్కా అంచు పట్టుకుని వదిలేశారు. మెట్ల మీద బాబాయి గోడకి అతుక్కుని దారి ఇస్తున్నాడు. ఎవరికిస్తున్నాడో ఆయనకే తెలీదు. పైన వీధి తలుపు తెరుచుకుంది.

"...పన్నెండు," అంది నానమ్మ. చాలాసేపటికి, "పదమూడు."

ఆమె పిడికిలి విప్పింది. ముఖంలో డెబ్బై ఏళ్ళు ఎటో పోయాయి. "అయిపోయారమ్మా. అందరూ వెళ్ళారు. రేపు లేచి చెప్తాను. ఇప్పుడు నోరు పెగుల్తుంది." బాబాయి తల ఊపాడు.

"ఇక మూసెయ్యి."

మేస్త్రీ పిల్ల ఇసుక, సిమెంటు పోసి మాలు కలిపింది. చేతికి పని తెలుసు. వరస మీద వరస లేచింది. చివరి ఇటుకకి మాలు పట్టించి, కంతలో పెట్టి, అరచేత్తో లోపలికి నెట్టింది.

ఇటుక వెనక్కి వచ్చింది.

మాలు ఎక్కువైందేమో. మళ్ళీ నెట్టింది. కాసేపు నిలిచింది. తరవాత మెల్లగా, ఏ తొందరా లేనట్టు, అంగుళం అంగుళం బయటికి జరిగి ఆమె అరచేతిలోకి వచ్చింది. కంతలో ఇందాకటి మట్టి లేదు. చీకటి ఉంది.

"ఆగావేం?" అంది నానమ్మ వెనకనుంచి.

"ఆ ఇంట్లో... పదముగ్గురేనా?"

"నాన్న ఒక్కొక్కరినీ బయటికి తెచ్చి పడుకోబెట్టాడు. మా ఇంటి కిటికీలోంచి నేనే లెక్కపెట్టాను. ఏం?"

ఆమె ఇటుకని వెలుతురుకి తిప్పింది. లోపలి వైపు పచ్చి మాలులో నాలుగు వేళ్ళ గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. పెద్ద వేళ్ళు. చర్మం గీతలు లేవు. ప్రతి వేలి చివరా కుట్టు ఉంది, మందపాటి తోలు చేతి తొడుగులకి వేసే కుట్టు.

"ఆ రాత్రి చలిగా ఉందా నానమ్మా?"

"చలేమిటే. నడి ఎండాకాలం. అంత ఎత్తున విమానాల్లో ఉన్నవాళ్ళకే చలి."

కంత పక్కనున్న ఇటుక కదలడం మొదలైంది.